ఏడ్పు ఆపిన పిల్లగాడు

పోయిన నెల పింఛను కాగితాల గురించి రాసిన. మళ్ల దాని మీదనే రాయమని మన వాడలో ఇద్దరు ముగ్గురు అడిగిన్రు. వచ్చే నెల తప్పకుండ రాస్త. ఈసారి మా ఇంట్లో నడుస్తున్న ఒక చదువు సంగతి చెప్పాలె.

మా పెద్దకొడుకు బిడ్డ నర్సింగు రెండో ఏడు చదువుతున్నది. పొద్దున పోతే సాయంత్రం దాక కాలేజీలనే ఉంటది. ఇంటికి వచ్చి, తిని, ఫోను గోడకు ఆనిచ్చి మళ్ల కూర్చుంటది. ఒకరోజు నాకు కోపం వచ్చింది. "నాయనమ్మ ఒక్కతే బీడీలకు ఆకు కత్తిరిస్తున్నది, నువ్వు ఫోను చూసుకుంట కూర్చుంటివి" అన్న. "తాతా, ఇది ఫోను కాదు, క్లాసు" అన్నది.

దీనికి ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అని పేరట. తిరగేసిన క్లాసు అనుకోండి. మేడం పాఠం చెప్పి వీడియో తీసి పంపుతది. పిల్లలు దాన్ని ముందే ఇంట్ల చూసి పోవాలె. తెల్లారి క్లాసుల పాఠం చెప్పరు, చేయిస్తరు. 2007లో అమెరికాలో కొలరాడో అనే రాష్ట్రంలో ఇద్దరు రసాయనశాస్త్రం పంతుళ్లు, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు వీడియో తీసిన్రట. అట్ల మొదలైన పద్ధతి ఇప్పుడు నర్సుల చదువు దాక వచ్చింది.

నేను ఊకుంటనా! "ఫీజు కట్టింది మనం, పాఠం చెప్పేది ఫోను, మరి మేడంకు పగార్ ఎందుకు?" అన్న. అది నవ్వి, "తాతా, నువ్వు మిల్లుల పని ఎట్ల నేర్చుకున్నవ్?" అని అడిగింది.

నేను మిల్లు నేత ఖాతాలో చేరినప్పుడు మా జాబర్ సాంచ గురించి నోటితో చెప్పింది చాలా తక్కువ. ఆ మాటలు ఎవరైనా చెప్తరు. పోగు తెగినప్పుడు పక్కన నిలబడి, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి ముడి వేయించేది. తప్పు వేస్తే విప్పించేది. వినుడు యాడనన్న వినొచ్చు గని, పోగు తెగినప్పుడు మాత్రం తెలిసిన మనిషి పక్కన ఉండాలె. ఇది యాదికొచ్చినంక నా నోరు పడిపోయింది.

అప్పుడు నడుస్తున్న పాఠం పిల్లల నొప్పి. పెద్దోళ్లయితే ఇక్కడ నొస్తున్నది, ఇట్ల గుంజుతున్నది అని చెప్తరు. ఏడాది పిల్ల ఏం చెప్తది? అందుకని నర్సు చూసి లెక్క కట్టాలె. 1997లో అమెరికాలో మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు దానికి ఒక కొలత రాసిన్రు. ఫ్లాక్ అంటరు. ముఖం ఎట్లున్నది, కాళ్లు ముడుచుకున్నదా తన్నుకుంటున్నదా, ఒళ్లు మెలికలు తిరుగుతున్నదా బిగుసుకున్నదా, ఏడ్పు ఎట్లున్నది, ఎత్తుకుంటే ఊరుకుంటున్నదా. ఈ అయిదు చూడాలె. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. మొత్తం పదికి. రెండు నెలల పిల్లల నుంచి ఏడేండ్ల దాక దీన్ని వాడొచ్చట. మూడేండ్లు దాటి మాట అర్థమయ్యే పిల్లలకు ఇంకొకటి ఉన్నది. ఆరు ముఖాల బొమ్మలు. మొదటిది నవ్వుతది, ఆఖరుది ఏడుస్తది. నీ నొప్పి ఏ ముఖం లెక్క ఉన్నది, వేలు పెట్టు అని అడగాలె.

ఆ ముఖాల బొమ్మలు ఎక్కడ పుట్టినయో విని నేను కొంచెం సేపు మాట్లాడలేదు. 1980ల మొదట్ల అమెరికాలో తల్సా అనే ఊర్ల, కాలిన గాయాల దవాఖానాలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే ఇంకొక ఆమె కలిసి తయారు చేసిన్రు. గుండ్రాలు గీసిచ్చి, పిల్లలతోనే ముఖాలు గీయించి చూసిన్రట.

కాలిన గాయాలు అనంగనే నాకు 1985 యాదికొచ్చింది. మా చిన్నోనికి అప్పుడు మూడేండ్లు. చాళ్‌లో నీళ్లు కాగుతున్న గిన్నె కాలు మీద ఒలుకపోసుకున్నడు. మోకాలి నుంచి పాదం దాక. దవాఖానా పేరు ఇప్పుడెందుకు. రోజూ కట్టు మార్చాలె. నేను రాత్‌పాళీ చేసి, భోంగా కాంగనే సక్కగ అటే పోయేటోన్ని. ఎండిపోయి పుండుకు అంటుకున్న గుడ్డను అట్లనే గుంజేటోళ్లు. ముందు నొప్పి మందు లేదు, నీళ్లతో తడుపుడు లేదు. పిల్లగాన్ని పండబెట్టి కాళ్లు ఒకరు, చేతులు నేను పట్టుకునేది. "గట్టిగ పట్టు, చిన్నపిల్లలకు ఏం యాదుంటది, రేపటికి మరిచిపోతడు" అనేటోళ్లు. నేను గట్టిగనే పట్టుకున్న. వాడు నా ముఖం దిక్కే చూసి ఏడ్చేటోడు.

ఆరో రోజో ఏడో రోజో వాడు ఏడ్పు ఆపిండు. కట్టు గుంజినా కట్టె లెక్క పడుకున్నడు. మా పిల్లగానికి ధైర్యం వచ్చిందని ఖాతాల అందరికీ చెప్పుకున్న. చాయ్ గూడ తాగిపిచ్చిన.

మనవరాలి వీడియోల మేడం చెప్పిన మాట నేను చెవులార విన్న. కదలకుండ, ఏడ్వకుండ ఉన్నంత మాత్రాన నొప్పి లేదని రాయొద్దు. కదిలితే ఇంకా నొస్తదని బిగుసుకుని పండే పిల్లలుంటరు, నొప్పి అంటే సూది వేస్తరని దాచే పిల్లలుంటరు. తల్లిని తండ్రిని అడగాలె, పిల్లను అడగాలె, చేసినంక మళ్ల కొలవాలె.

ఆ కాలంల పెద్దపెద్ద డాక్టర్లే పసికందులకు నొప్పి అంతగా తెలువదు అనుకునేటోళ్లట. ఇందోర్‌లో డాక్టరీ చదివి ఆక్స్‌ఫర్డ్‌కు పోయిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే ఆయన, ఆపరేషన్ల నొప్పి మందు సరిగ్గ ఇస్తే నెలలు నిండని పిల్లలు గూడ బాగ తట్టుకుంటరని 1987లో చూపించిండు. అప్పటి నుంచి మారుకుంట వచ్చింది. మావోని కాలు అంతకు రెండేండ్ల ముందే కాలింది.

సరే, తిరగేసిన క్లాసు సంగతికి వస్త. క్లాసుల ఏం చేస్తరని అడిగితే చెప్పింది. మొదట పది ప్రశ్నలు. వీడియో చూసిందీ చూడందీ అక్కడనే బయట పడతది. తర్వాత అయిదారుగురు చొప్పున జట్టు కట్టి కథ ఇస్తరు. నాలుగేండ్ల పిల్ల, చాయ్ పడి చెయ్యి కాలింది, రేపు కట్టు మార్చాలె. ఒకరు తల్లి, ఒకరు పిల్ల, ఒకరు నర్సు. మందు ఎంతసేపు ముందు ఇయ్యాలె, ఆ పిల్ల బరువుకు ఎంత ఇయ్యాలె, కట్టును ఉప్పు నీళ్లతో తడిపి ఎట్ల తియ్యాలె, పండబెట్టి అదిమిపెట్టకుండ తల్లి ఒడిల ఎట్ల కూర్చోబెట్టాలె, సబ్బు బుడగలు ఎప్పుడు ఊదియ్యాలె, అన్నీ చేసి చూపాలె. నర్సయిన పిల్ల "నొప్పి కాదమ్మా" అన్నదంటే మేడం ఆపుతదట. అబద్ధం చెప్పొద్దు, కొంచెం నొస్తది, నేను ఆపుమంటే ఆపుత అని చెప్పాలె.

ఒకరోజు మా పిల్ల చిన్నపిల్ల వేషం వేసి "బావు, బావు" అని ఏడ్చిందట. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒకామెకు అర్థం కాలేదు. మన షోలాపురంలో మరాఠీ ఇండ్ల పసిపిల్లలు దెబ్బను బావు అంటరు, చూసి చూసి మన పిల్లలూ అంటరు. కన్నడమోళ్లు నోవు అంటరు. అప్పుడు మేడం ఎవరింట్ల పిల్లలు నొప్పిని ఏమంటరో అందరితో పలక మీద రాయించిందట. నాకు ఈ మేడం మీద గౌరవం అప్పటి నుంచే. ఈ మాట ఏ ఇంగ్లీషు వీడియోల దొరుకుతది?

అయితే ఈ పద్ధతిల లోపం లేదని నేను అనను. క్లాసు ఇంటికి వచ్చింది, మన ఇల్లు మాత్రం అంతే ఉన్నది. ఒక్క అర్ర. పక్కింట్ల రాత్రి పది దాక సాంచలు నడుస్తయి. వీడియో మాటలు వినపడక పిల్ల చెవుల వైరు పెట్టుకుని గూడ తల పట్టుకునేది. దానితో చదివే ఒక పిల్ల ఇంట్ల ఒకటే ఫోను, అది తమ్ముని చేతిల ఉంటది. ఆ పిల్ల చూడకుండ పోయి, పది ప్రశ్నలల్ల సున్నా తెచ్చుకుని, చదువు రాదనిపించుకున్నది. చివరికి వీళ్లే పోయి చెప్తే, వీడియోలు కాలేజీలనే ఫోన్లకు ఎక్కించుకోనిచ్చి, సాయంత్రం అరగంట అక్కడ కూర్చోనిస్తున్నరు. మొదట్ల ముప్పావుగంట వీడియోలు వచ్చేటివి, పిల్లలు నిద్రపోయేటోళ్లు. ఇప్పుడు పది పన్నెండు నిమిషాలే.

మా ఇంట్ల గూడ మార్పు చేసుకున్నం. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాక అర్ర దానిది. ముసలామె బీడీ చాట అరుగు మీదికి తెచ్చుకుంటది. ఆకు నేను కత్తిరిస్త. మొదటి వారం నేను కత్తిరించిన ఆకు సగం పనికి రాలేదు, అది వేరే సంగతి.

పక్కింటి కోడలు మూడు నెలల పసిదాన్ని టీకాకు తీసుకపోతుంటే మా పిల్ల ఒక మాట చెప్పింది. సూది వేసేటప్పుడు ఒడిల పట్టుకుని పాలియ్యి, రెండు మూడు సూదులుంటే ఎక్కువ నొచ్చేది ఆఖరుకు వేయమను. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గూడ ఇట్లనే చెప్పిందట. పసిది ఏడ్వలేదా అంటే ఏడ్చింది. కని బయటికి వచ్చేలోపలనే ఊరుకున్నదని ఆ కోడలు వచ్చి చెప్పింది.

పోయిన ఆదివారం మా చిన్నోడు భివండి నుంచి వచ్చిండు. నలభై దాటినయి. ఇప్పటికీ ఎవరన్న దవాఖానాల ఉంటే పండ్లు కొనిచ్చి గేటు దగ్గర్నే నిలబడతడు, లోపలికి రాడు. మనవరాలు ఆరు ముఖాల కాగితం తీసి, "కాకా, నీ కాలు కాలినప్పుడు ఏ ముఖం?" అని అడిగింది. వద్దని నేను సైగ చేసిన, అది చూడలేదు.

వాడు నవ్వి, "నాకేం యాదున్నదే, మూడేండ్లోన్ని" అన్నడు. కాగితం తిరిగి ఇచ్చిండు. కొంచెం సేపు అయినంక మళ్ల అడిగిండు. "ఉప్పు నీళ్లు పోసి తడిపితే ఆ గుడ్డ నిజంగనే ఊడి వస్తదా?"

"వస్తది కాకా. కొంచెం సేపు ఆగాలె, అంతే."

వాడు నా దిక్కు చూసిండు. నేను ఆకు కత్తిరించుకుంట కూర్చున్న.