చవక వాయిద్యం, ఖరీదైన పాఠం

మా చిన్నాడు ఇంటర్ అవగానే ఎలక్ట్రిక్ గిటార్ కావాలన్నాడు. నా దగ్గర చీటీ డబ్బులు పాతికవేలున్నాయి. వాడి లిస్టు చూస్తే గిటార్ చవకది, ఆంప్లిఫయర్ పెద్దది, ఎఫెక్ట్స్ పెడల్స్ మూడు! మావారేమో "నాలుగు రోజుల ముచ్చటే కదా, ఏదో ఒకటి కొనెయ్" అన్నారు.

నేను ఇద్దరి మాటా వినలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో పాత వీణ ఉండేది. మైనం సడలి మెట్లు కదిలిపోయి, ఎంత మీటినా అపస్వరమే. నాకే సంగీతం రాదనుకుని మానేశాను. పెళ్ళయ్యాక ఇంకొకరి వీణ మీటితే గానీ తప్పు నాది కాదని తెలియలేదు.

అందుకే డబ్బులో పెద్ద వాటా గిటార్‌కే అన్నాను. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వేళ్ళు నొప్పి, నొక్కినప్పుడు శ్రుతీ తప్పుతుంది. కొట్లోనే సెటప్ చేయించాలి. అపార్ట్‌మెంట్‌లో పది వాట్ల ఆంప్లిఫయరే ఎక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుంటే పక్కింటివాళ్ళతో గొడవుండదు. పెడల్స్ తర్వాత చూడొచ్చు. చిన్న ఆంప్లిఫయర్లలో చాలావాటికి డిస్టార్షన్ ఉండనే ఉంటుంది. బాస్ కంపెనీ డీఎస్-1 పెడల్ 1978లో వచ్చింది, ఇప్పటికీ దొరుకుతోంది. ఏడాది ఆగితే ఎక్కడికీ పోదు.

రేపు వాడికి ఇష్టం లేక మానేస్తే మానేయనీ, నాకు బాధ లేదు. నాలాగా తనకే చేతకాదనుకుని మాత్రం మానేయకూడదు. ఏమంటారు?