పరాయి గాలి పీల్చిన కుర్రాడు

నాలుగో ‘అవతార్’ 2029లో రావాలి. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తెలుగు పేట నుంచి చూస్తే ఆ కథలో అసలు ప్రశ్న వేరు

పరాయి లోకంలో కంపెనీ అడుగు పెట్టాక సరకు రవాణాకు దారి వేయడం మామూలే. 2022 డిసెంబరులో విడుదలైన ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’లోనూ అంతే. పండోరాకు తిరిగొచ్చిన భూలోకపు కంపెనీ కోటలాంటి నగరం కట్టుకుంది, అయస్కాంత రైలు నడిపింది. అడవి మనుషులు దెబ్బ తీసింది ఆ రైలునే. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో అది కొద్ది నిమిషాల పోరాట దృశ్యం. ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో రైలంటే నెల జీతం, తలదాచుకునే క్వార్టరు, ముసలితనంలో పింఛను. పట్టాలు తప్పిన వ్యాగన్లను చూసి అక్కడి ప్రేక్షకుడు ఎవరి పక్షాన ఈల వేయాలి?

జేమ్స్ కామెరాన్ నాలుగో భాగం కోసం ఎదురుచూసేవాళ్లలో ఈ ప్రశ్న అడిగే హక్కు నిమ్‌పురాకు ఉన్నంతగా మరో తెలుగు పేటకు ఉండకపోవచ్చు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ ప్రాంతం పేరు చెబితే గుర్తొచ్చేవి రెండే: భారీ గూడ్స్ యార్డు, తెలుగు మాట. బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ గత శతాబ్దపు తొలినాళ్లలో ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం రైలెక్కి వచ్చారు. ఊరు కాని ఊరు, తెలియని భాష, కంపెనీ ఇచ్చిన గది. వాళ్లకు పండోరా అదే.

ముందుగా సినిమా సంగతి. డిస్నీ ప్రకటించిన తేదీల ప్రకారం నాలుగో భాగం 2029 డిసెంబరు 21న, అయిదోది 2031 డిసెంబరు 19న రావాలి. అప్పటికి కామెరాన్‌కు 75 ఏళ్లు ఒకసారి, 77 ఏళ్లు మరోసారి. నాలుగో భాగంలో కొంత ఇప్పటికే తీసి పెట్టారు. కథ మధ్యలో కొన్నేళ్లు ముందుకు దూకుతుంది. ఈలోగా పిల్ల పాత్రధారులు పెద్దవాళ్లయిపోతే మొదటి అంకం చెడిపోతుందని ముందుజాగ్రత్త పడ్డారు. మిషెల్ యో చేరేది మూడో భాగంలో కాదు, నాలుగులోనేనని కామెరాన్ చెప్పారు. అయిదో భాగంలో నేతిరి భూమికి వస్తుందని చెప్పిన నిర్మాత జాన్ లాండావ్ 2024 జులైలో కన్నుమూశారు.

అయితే తేదీలు ప్రకటించినంత మాత్రాన సినిమా వచ్చినట్లు కాదు. 2009 నాటి తొలి ‘అవతార్’ దాదాపు 290 కోట్ల డాలర్లు వసూలు చేసి ప్రపంచ రికార్డు కొట్టింది. రెండోది 230 కోట్లు దాటింది. 2025 డిసెంబరు 19న వచ్చిన ‘ఫైర్ అండ్ యాష్’ వంద కోట్లు దాటింది కానీ మొదటి రెండింటి దరిదాపులకు చేరలేదు. మరొకరికైతే అది పండగే. ఒక్కో భాగానికీ ఏళ్ల తరబడి శ్రమ, కళ్లు తిరిగే ఖర్చు పెట్టే కామెరాన్‌కు మాత్రం అది హెచ్చరిక. తదుపరి భాగాలు తీయడం కుదరకపోతే మిగిలిన కథను పుస్తకంగా రాస్తానని మూడో భాగం విడుదలకు ముందే ఆయన చెప్పేశారు.

తీయాల్సిన కారణం మాత్రం మూడో భాగమే ఇచ్చింది. ఆ కారణం పేరు స్పైడర్. అగ్నిపర్వతం కాల్చేసిన నేలలో పుట్టిన బూడిద తెగ, దాని నాయకురాలు వరాంగ్‌గా ఊనా చాప్లిన్, గాలిలో తేలే వర్తకుల ఓడలు... ప్రచారమంతా వీటి మీదే నడిచింది. కానీ కథ మలుపు తిరిగింది జాక్ ఛాంపియన్ వేసిన ఈ కుర్రాడి దగ్గర. కంపెనీ సైనికాధికారి క్వారిచ్ కొడుకు. పండోరాలోనే పుట్టాడు. అక్కడి భాష మాట్లాడతాడు, అక్కడి పిల్లలతోనే పెరిగాడు. మొహానికి మాస్కు లేకపోతే మాత్రం నిమిషాల్లో ప్రాణం పోతుంది, ఎందుకంటే పండోరా గాలి మనిషికి విషం. మూడో భాగంలో మాస్కులో గాలి అయిపోయి చావబోతున్న వాణ్ని కిరి ఆ నేల శక్తితోనే బతికిస్తుంది. మనిషి మొదటిసారి పరాయి గాలి పీల్చుకుంటాడు.

సంతోషించాల్సిన ఘడియ. కానీ అక్కడే అసలు చిక్కు మొదలైంది. ఈ పిల్లాడి ఒంట్లో రహస్యం కంపెనీ చేతికి చిక్కితే మనుషులంతా మాస్కులు పారేసి పండోరాను ఆక్రమిస్తారు. అందుకని వాణ్ని కన్నబిడ్డల పక్కన పెంచిన జేక్ సైతం చంపడానికి సిద్ధపడతాడు, చివరికి చేతులు రాక ఆగిపోతాడు. కొడుకును పోగొట్టుకున్న నేతిరికి మనిషి జాతంటేనే మంట. నేల ఒప్పుకుంది, గాలి ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది ఇంకా మనుషులే.

నిమ్‌పురాలో మూడో తరానికీ నాలుగో తరానికీ ఈ కుర్రాణ్ని పరిచయం చేయనక్కరలేదు. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, పరీక్షలో ఇంగ్లిషు. శ్రీకాకుళంలో పెళ్లికి వెళితే ‘ఖరగ్‌పూర్ వాళ్లు’, ఖరగ్‌పూర్‌లో ‘తెలుగు వాళ్లు’. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. మరుసటి ఏడాది అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయన్నది వేరే సంగతి. హోదా వచ్చినా ఒక లెక్క మాత్రం మారలేదు: ఉద్యోగ విరమణ తరవాత రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. పుట్టి పెరిగిన ఇల్లు ఆ రోజుతో తనది కాకుండా పోతుంది. పొలం ఎప్పుడో పోయిన పల్లెకు తిరిగి వెళ్లాలా, ఇక్కడే ఊరి శివార్లలో చిన్న జాగా కొనుక్కోవాలా? ఏళ్ల తరబడి పీల్చిన గాలికి పట్టా ఎవరూ రాసివ్వరు.

కామెరాన్ కథలో ఇప్పటిదాకా ఇలాంటివాళ్లకు చోటు లేదు. తుపాకీ పట్టినవాడో, తుపాకీ పారేసి నీలి మనుషుల్లో కలిసిపోయినవాడో తప్ప కంపెనీ బతుకుతెరువు మీద ఆధారపడిన మూడోవాడు కనిపించడు. అయస్కాంత రైలు నడిపింది ఎవరు? పట్టాలు తప్పితే మరమ్మతు చేసేదెవరు? భూమి చచ్చిపోతోందని రెండో భాగం చెప్పింది కాబట్టి వాళ్లకు తిరిగి వెళ్లే ఊరూ లేదు. నాలుగో భాగంలో కథ కొన్నేళ్లు గడిచాక మొదలైతే, పండోరాలో పుట్టిన కార్మికుల పిల్లలూ పెరిగి ఉండాలి. వాళ్లను చూపించకపోతే అది పాత కథకు కొత్త రంగులే.

కంపెనీలో పనిచేసేవాడు కంపెనీ మనిషే కానక్కరలేదని ఖరగ్‌పూర్ దాదాపు వందేళ్ల కిందటే నిరూపించింది. 1927-28 ప్రాంతంలో వర్క్‌షాప్ కార్మికులను ఉద్యోగాల్లోంచి తీసేసినప్పుడు జరిగిన సమ్మెకు నాయకత్వం వహించినవారిలో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. ఆయన 1969లో రాష్ట్రపతి అయ్యారు. జేక్ సల్లీలా ఒంటి రంగు మార్చుకుని కొండెక్కకుండా, ఉన్న చోటే నిలబడి యజమానిని ఎదిరించిన కథ అది. హాలీవుడ్ రచయితలకు అలాంటి పాత్ర ఎందుకో తట్టదు.

ఇంకో పక్షమూ ఉంది. ఖరగ్‌పూర్ పట్టాలు పడింది ఖాళీ నేల మీద కాదు. చుట్టుపక్కల ఎర్రమట్టి, సాల చెట్ల అడవులు సంతాల్, ముండా, లోధా జనాలవి. సంతాల్ ఊళ్లో దేవతలుండే చెట్ల తోపును జాహేర్‌థాన్ అంటారు. సినిమాలో ఆత్మల చెట్టు చూసి అబ్బురపడే ప్రేక్షకుడికి అది సైకిలు దూరంలో ఉంది. బెంగాల్-నాగపూర్ కంపెనీయే 1931లో పూర్తిచేసిన విజయనగరం-రాయపూర్ మార్గంలో వెళితే ఒడిశాలో నియమగిరి కొండల పక్కనుంచే ప్రయాణం. అక్కడ బాక్సైట్ తవ్వడానికి వేదాంత సంస్థ సిద్ధమైనప్పుడు, 2010లో సర్వైవల్ ఇంటర్నేషనల్ అమెరికన్ సినిమా పత్రిక ‘వెరైటీ’లో ప్రకటన వేసి, డోంగ్రియా కోందులను ఆదుకోమని కామెరాన్‌కు విజ్ఞప్తి చేసింది. వాళ్లను గెలిపించింది మాత్రం రెక్కల జంతువుల దండు కాదు. 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే పన్నెండుకు పన్నెండు సభలూ గని వద్దన్నాయి.

ఇదంతా తెలిసిన ప్రేక్షకుడికి సినిమా ఏ భాషలో అందుతుందన్నది చివరి ముచ్చట. ఈ కథకు మన మాటలు కొత్త కాదు. పేరే అవతారం. రెండో భాగంలో సముద్ర జీవి మెదడు నుంచి తీసే, వయసు ఆపే ద్రవం పేరు అమృతం. ఆ భాగానికి తెలుగు సంభాషణలు రాసింది నటుడు, దర్శకుడు అవసరాల శ్రీనివాస్. నావి జనానికి ప్రత్యేకంగా భాష కట్టిపెట్టడానికి పాల్ ఫ్రామర్ అనే భాషా శాస్త్రవేత్తను పెట్టుకున్న సిరీస్ ఇది. లేని జాతికి వ్యాకరణం కుదిరింది. ఉన్న జాతి పిల్లలు, సొంత రాష్ట్రం దాటి ఉన్నందుకు, అమ్మ భాషలో ఈ సినిమా చూడగలరా అన్నది పంపిణీదారుల లెక్క మీద ఆధారపడుతుంది. తెలుగు డబ్బింగు ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల కోసమే.

2029లో కొత్త సముద్రాలు, కొత్త తెగలు, కొత్త త్రీడీ తప్పకుండా ఉంటాయి. అందులో కామెరాన్‌ను అనుమానించాల్సిన పనిలేదు. తేలాల్సింది స్పైడర్ సంగతే. పరాయి నేల మీద పుట్టి, ఆ గాలికి అలవాటుపడి, ఇటు తండ్రి కంపెనీకీ అటు పెంచిన తెగకూ పూర్తిగా చెందని కుర్రాడు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలి? సినిమా దీనికి జవాబు చెబితే నిమ్‌పురా చప్పట్లు కొడుతుంది. చెప్పకపోతే, యార్డులో రాత్రి డ్యూటీకి టైమవుతోందని లేచి వెళ్లిపోతుంది.