హోటల్‌తోపాటు మనుషుల లెక్క కూడా అప్పగించాలి



ఒక హోటల్ చేతులు మారిందంటే మనం అడిగేది ఒకటే: రుచి పాత మాదిరే ఉందా? దానికి ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ పనిచేసినవాళ్ల గతి ఏమి?

ఈమధ్య కూతురూ అల్లుడూ నన్ను చెన్నైలో ఒక ఖరీదైన ఇటాలియన్ హోటల్‌కు పిలుచుకొని పోయినారు. రవియోలీ అని తెచ్చిపెట్టినారు. ఉడకబెట్టిన చిన్న కజ్జికాయ మాదిరి, లోపల చీజ్. బాగానే ఉంది. సర్వర్ మదురై పక్క మనిషి. తమిళంలో మాట కలిపితే మెల్లిగా చెప్పినాడు: "వచ్చే నెల కొత్త ముదలాళి వస్తున్నారయ్యా. పదకొండేళ్లుగా ఉన్నాను. ఉంచుతారో పంపుతారో మాకు ఎవరూ చెప్పలేదు." లోపల వండే మాస్టర్‌దీ అదే కథ అట.

రోమ్ నగరంలో ఆల్ఫ్రెడో ది లెలియో అనే ఆయన 1914లో స్క్రోఫా వీధిలో హోటల్ పెట్టినాడు. వెన్న, పార్మిజాన్ చీజ్ కలిపిన ఆయన ఫెట్టుచీనె లోకమంతా పేరుపొందింది. 1943లో ఆ హోటల్‌ను తన దగ్గర పనిచేసే ఇద్దరు సర్వర్లకే అమ్మినాడు. 1950లో కొడుకుతో కలిసి వేరేచోట మళ్లీ తెరిచినాడు. అసలు ఆల్ఫ్రెడో మాదంటే మాదని రెండు హోటళ్లకూ ఇప్పటికీ పోటీ. నేననేది, రెండుచోట్లా చేయి తెలిసినవాళ్లు ఉన్నారు గనుకే రెండూ నిలిచినాయి. బోర్డు ఒక్కటే కొంటే రుచి రాదు.

నేను రైల్వేలో సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి. సర్వీసు మధ్యలో తెగితే ఒక కుటుంబానికి ఎంత నష్టమో నాకు తెలుసు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ సెక్షన్ దీనికోసమే పెట్టినారు. యజమాని మారితే, ఏడాది నిండిన కార్మికుణ్ణి సర్వీసు తెగకుండా, పాత షరతులు తగ్గకుండా కొనసాగించాలి. లేదంటే నోటీసు, పరిహారం ఇవ్వాలి. 2020 కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. కానీ చేతిలో ఒక కాగితం కూడా లేని సర్వర్ ఏ చట్టాన్ని చూపిస్తాడు?

"డబ్బు పెట్టినవాడి ఇష్టం. నష్టంలో ఉన్న హోటల్ కొని అందరినీ ఎట్లా మోస్తాడు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందరినీ మోయలేకపోవచ్చు. ముందుగా చెప్పడానికి, లెక్క తీర్చి పంపడానికి ఏమి అడ్డం? గల్లాపెట్టె పైసాతో సహా లెక్కపెట్టి అప్పగిస్తారే, పదకొండేళ్ల చాకిరీకి లెక్క లేదా?

మనలోనూ హోటళ్లు, మెస్సులు నడిపేవాళ్లు ఉన్నారు. పిల్లలు ఈ పనికి రామంటే రేపు అమ్మాల్సి రావచ్చు. పాత్రలు, బెంచీల జాబితా రాసేటప్పుడు మొదటి పేజీలో పనివాళ్ల పేర్లు, చేరిన తేదీలు, జీతం రాయండి. కొనేవాళ్ల చేత దానికింద సంతకం పెట్టించండి. ఎట్లా రాయాలో తెలియకపోతే ఆదివారం సంఘం ఆఫీసుకు రండి. కూర్చొని రాసిపెడతాను.