ఫైలు నుదుట వెర్షను బొట్టు

ఈ మధ్య ఓ కోడింగ్ స్టాండర్డ్స్ పత్రం నా కంటబడింది. ప్రతి ఫైలు మొదట్లో రెండు డాలరు గుర్తుల మధ్య 'ఐడీ' అని రాయాలట. వెర్షను నంబరూ, తేదీ, మార్చినవాడి పేరూ వాటంతటవే అక్కడ పడతాయట. ఇంతకీ వాళ్ళు వాడుతున్నది గిట్! అందులో ఆ ముద్ర కావాలని ప్రత్యేకంగా అడిగినా వచ్చేది ఆ ఫైలులోని సరుకు తాలూకు హ్యాష్ మాత్రమే. తేదీ ఉండదు, పేరూ ఉండదు.

ఒకప్పుడు దీనికో అర్థం ఉండేది, కాదనను. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ మొదలుపెట్టిన ఎస్‌సీసీఎస్ అయినా, 1980ల మొదట్లో వాల్టర్ టిచీ తెచ్చిన ఆర్‌సీఎస్ అయినా ఏ ఫైలు చరిత్ర దానిదే. ముద్రని ప్రోగ్రాములో స్ట్రింగుగా పెడితే, కంపైలయ్యాక కూడా చదువుకోవచ్చు. సీవీఎస్ కూడా అదే దారి పట్టింది. 2004లో సబ్‌వర్షన్ 1.0 వచ్చేసరికి లెక్క మారింది. రివిజను నంబరు మొత్తం చెట్టుకి. పైగా వాళ్ళు ఈ ముద్రని మనం అడిగితే తప్ప వెయ్యరు.

అసలు గొడవేమిటంటే, ముద్ర అబద్ధం చెబుతుంది. నేను పనిచేసిన ఓ చోట సర్వరు మీది ఫైలు 1.7 అని చెప్పుకుంటోంది. రిపాజిటరీలోనూ 1.7 అనే ఉంది. రెండూ ఒకటేనని రాత్రంతా తప్పు ఇంకెక్కడో వెతికారు. తీరా చూస్తే, ఎవరో మహానుభావుడు సర్వరు మీదే నాలుగు లైన్లు మార్చేశాడు. కమిట్ చేస్తేనే కదా నంబరు మారేది? ముద్ర లేకపోతే మొదటి పది నిమిషాల్లోనే రెండు ఫైళ్ళూ పోల్చి చూసుండేవాళ్ళు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

ఇక మెర్జ్ కష్టాలు వేరే. 'లాగ్' అనే కీవర్డు పెడితే కమిట్ సందేశాలన్నీ ఫైలులోకే వచ్చి కూర్చుంటాయి. రెండు బ్రాంచీలు కలపబోతే మొదటి కొట్లాట అక్కడే. సీవీఎస్‌లో బైనరీ ఫైలుని బైనరీ అని చెప్పకుండా చేర్చామా, అందులో పొరపాటున అలాంటి అక్షరాలుంటే ఫైలే పాడైపోతుంది.

"మరి ఏ కోడు నడుస్తోందో తెలిసేదెలా?" అంటారా? మంచి ప్రశ్నే. కానీ నడిచేది ఫైలు కాదండీ, బిల్డు. కాబట్టి ముద్ర దానికి వెయ్యండి. బిల్డు చేసేటప్పుడు గిట్ డిస్క్రైబ్‌ని 'డర్టీ' ఆప్షనుతో నడిపి, వచ్చిన జవాబుని ప్రోగ్రాములో పెట్టండి. మొదలవగానే లాగులో అది ప్రింటవ్వాలి. కమిట్ చెయ్యని మార్పులతో బిల్డు చేస్తే చివర 'డర్టీ' అని చెప్పేస్తుంది. రిపాజిటరీ లేకుండా కోడు జిప్ చేసి పంపాలా? గిట్ ఆర్కైవ్‌లో ఎక్స్‌పోర్ట్ సబ్‌స్ట్ అని ఉంది, ముద్ర అప్పుడే పడుతుంది.

అదీ పెట్టకుండా ఇంకా ఫైలు ఫైలుకీ బొట్టు పెడతామంటారా? పెట్టుకోండి. అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు మాత్రం ఆ బొట్టుని నమ్మకండి.