కూత ఆపేసిన పసుపు పిట్ట.. ‘కూ’ పోయింది సరే, అక్కడి ఫాలోవర్ల సంగతేంటి?

‘కూ’ యాప్ గుర్తుందా? ట్విట్టర్‌కి మన దేశం ఇచ్చిన జవాబు అంటూ 2021లో తెగ హడావుడి నడిచింది కదా.. ఆ పసుపు పిట్ట ఇక లేదు. ఫౌండర్లు అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కా 2024 జులై 3, బుధవారం నాడు లింక్డ్‌ఇన్‌లో పోస్ట్ పెట్టి యూజర్లకు గుడ్‌బై చెప్పేశారు.

బెంగళూరులో 2020లో మొదలైన యాప్ ఇది. ముందు కన్నడ, తర్వాత తెలుగు, హిందీ, తమిళం.. ఇంగ్లిష్ రానివాళ్లు కూడా మనసులో మాట సొంత భాషలో రాసుకోవాలన్నది ఐడియా. అదే ఏడాది కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ ఛాలెంజ్‌లో ప్రైజ్ కూడా కొట్టింది. 2021 ఫిబ్రవరిలో రైతుల ఉద్యమం టైంలో కొన్ని అకౌంట్లను బ్లాక్ చేసే విషయంలో కేంద్రానికి, ట్విట్టర్‌కి చెడింది. దాంతో పీయూష్ గోయల్ లాంటి కేంద్రమంత్రులు కూ బాట పట్టారు. ఆ తర్వాత నైజీరియా, బ్రెజిల్ దాకా వెళ్లింది.

మరి ఎక్కడ బెడిసికొట్టింది?

ఫౌండర్ల లెక్క ప్రకారం పీక్‌లో ఉన్నప్పుడు నెలకు దాదాపు కోటి మంది, రోజుకు 21 లక్షల మంది కూ వాడేవాళ్లు. 2022లో ఇండియాలో ట్విట్టర్‌ని దాటడానికి కొన్ని నెలల దూరంలోనే ఉన్నామని కూడా వాళ్లు రాశారు. సరిగ్గా అప్పుడే స్టార్టప్‌లకు ఫండింగ్ ఎండిపోయింది. 2023 ఏప్రిల్‌లో 30 శాతం ఉద్యోగులను తీసేశారు. అమ్మేద్దామని పెద్ద కంపెనీలతో, మీడియా సంస్థలతో మాట్లాడారు. డైలీహంట్ పేరు కూడా వినిపించింది. ఏదీ కుదరలేదు. జనం ఏది పడితే అది పోస్ట్ చేసే ప్లాట్‌ఫామ్‌ని నెత్తిన పెట్టుకోవడానికి చాలామంది ఇష్టపడలేదన్నది ఫౌండర్ల మాట. యాప్‌ని అలాగే నడుపుదామన్నా టెక్నాలజీ ఖర్చు తడిసి మోపెడవుతోందని చెప్పారు.

ఫండింగ్ ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటే. పెద్ద పెద్ద లీడర్లు కూలో పెట్టిందే ట్విట్టర్‌లోనూ పెట్టారు. అక్కడే దొరుకుతుంటే ఇంకో యాప్ ఎందుకు అనుకుంటాడు మామూలు యూజర్. నిజానికి కూని సీరియస్‌గా తీసుకుంది ట్విట్టర్‌లో ఇంగ్లిష్ చూసి బెదిరిపోయినవాళ్లు. తెలుగులో నాలుగు లైన్ల కవిత, పొలం ఫొటో, పొద్దున్నే శుభోదయం.. నవ్వుకోవచ్చు గానీ, వాళ్లకు ఫాలోవర్లు దొరికింది అక్కడే. ఇప్పుడు నష్టపోయిందీ వాళ్లే.

టిక్‌టాక్ రోజులు గుర్తుచేసుకోండి

మా తిరుమలగిరిలో కూ వాడినవాళ్లు ఎంతమందో గానీ, టిక్‌టాక్ చూడనివాళ్లు మాత్రం తక్కువే. 2020 జూన్ 29 రాత్రి కేంద్రం 59 చైనా యాప్‌లను బ్యాన్ చేసింది. ఒకటి రెండు రోజుల్లోనే టిక్‌టాక్ తెరుచుకోవడం మానేసింది. ఇండియాలో దానికి 20 కోట్ల మంది యూజర్లున్నారని అప్పట్లో అంచనా. లక్షల్లో ఫాలోవర్లున్న మన ఊళ్ల టిక్‌టాకర్లు కూడా ‘ఫలానా చోటికి వస్తున్నాం, రండి’ అని అందరికీ చెప్పుకునే టైం దొరక్కుండానే రోడ్డున పడ్డారు. జులైలో ఇన్‌స్టా రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. అప్పటికే యూట్యూబ్ ఛానల్ ఉన్నవాళ్లు నిలదొక్కుకున్నారు. మిగతావాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. చాలామంది మళ్లీ కనిపించనేలేదు.

అంతకుముందు ఆర్కుట్ కూడా మూతపడింది. కానీ అక్కడ పద్ధతి వేరు. 2014 జూన్ 30న ప్రకటించి, సెప్టెంబర్ 30న మూసేశారు. మధ్యలో మూడు నెలల టైం. ఫొటోలు, స్క్రాప్‌లు డౌన్‌లోడ్ చేసుకోవడానికి మరో రెండేళ్లు అవకాశం ఇచ్చారు. గుడ్‌బై పోస్ట్‌లో ఎన్ని మంచి మాటలున్నాయన్నది కాదు, సర్దుకోవడానికి ఎన్ని రోజులిచ్చారన్నదే యూజర్‌కి లెక్క. ఎందుకోగానీ మన స్టార్టప్‌లు లాంచ్ రోజు మీద పెట్టినంత శ్రద్ధ మూసేసే రోజు మీద పెట్టవు.

మీ వీడియోల సంగతి?

మీరూ వీడియోలు చేస్తుంటే ఈ వీకెండ్‌లో ఒక అరగంట కేటాయించండి. యూట్యూబ్‌లో పెట్టినవి గూగుల్ టేకౌట్ ద్వారా తెచ్చుకోవచ్చు. ఇన్‌స్టాలో అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌లోకి వెళ్తే మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే ఆప్షన్ ఉంటుంది. ఫైల్ పెద్దదైతే రెడీ అవడానికి టైం పడుతుంది, మెయిల్ చూసుకుంటూ ఉండండి. ఫోన్ మెమరీ ఫుల్ అయిందని ఒరిజినల్ వీడియోలు డిలీట్ చేసే అలవాటుంటే మాత్రం మానుకోండి.

ఫాలోవర్ల దగ్గరే చిక్కు. ఇన్‌స్టా డౌన్‌లోడ్‌లో వాళ్ల యూజర్‌నేమ్‌ల లిస్ట్ వస్తుంది, అంతే. వాళ్ల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు ఉండవు. అందుకే ఇప్పటికే కొందరు క్రియేటర్లు రీల్స్ చివర్లో వాట్సాప్ ఛానల్, టెలిగ్రామ్ లింకులు చెబుతున్నారు. అవీ ఇంకొకళ్ల యాప్‌లే అనుకోండి.. కానీ ఒకటి పోతే ఇంకోచోట పలకరించే వీలైనా ఉంటుంది.