ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి?

పదో తరగతి లెక్కల్లో ఎత్తులు, దూరాల పాఠం చదవని వాళ్ళు మన హాస్టల్లో లేరు. దీపస్తంభం పైనుంచి పడవను చూసే మనిషి, గోడకు ఆనించిన నిచ్చెన, చెట్టు నీడ... స్టడీ అవర్లో ఆ లెక్కలు బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఒక్క చెట్టునైనా, ఒక్క కొండనైనా కొలవమని మనకు చెప్పిన వారెవరు? అందుకే పది పాసైన మన వాళ్ళలో చాలామంది "లెక్కలు మనవల్ల కాదు" అని ఇంటర్లో ఎం.పి.సి. వైపు చూడనైనా చూడరు. ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. లెక్కను చేతికివ్వకుండా బోర్డు మీదే చూపించడం వల్ల వచ్చిందని మా అభిప్రాయం.

ఈ మాట ఊరికే అనడం లేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో పాత విద్యార్థులం ఐదుగురం కలిసి విశాఖ - భీమిలి బీచ్ రోడ్డు పక్కనున్న తొట్లకొండను కొలిచాం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికా పేరు. సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. 1970ల్లో నౌకాదళం విమానాల మీద నుంచి సర్వే చేసినప్పుడు ఆ శిథిలాల సంగతి బయటపడింది.

మా దగ్గర ఖరీదైన పరికరాలేమీ లేవు. తాపీ మేస్త్రీలు పునాది లెవెల్ చూసే నీళ్ళ గొట్టం, రెండు వెదురు కర్రలు, ఒక టేపు, ఒక నోటు పుస్తకం. అంతే! గొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్ళు పోస్తే రెండు చివర్లా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. దిగువ కర్ర దగ్గర నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో చూసి, అందులోంచి ఎగువ కర్ర దగ్గరి అంకె తీసేస్తే ఆ మజిలీలో ఎక్కిన ఎత్తు వస్తుంది. అలా నూటికి పైగా మజిలీలు. మాలో ముగ్గురి నాన్నలు తాపీ పనికి వెళ్ళేవాళ్ళే. పుస్తకంలో లేని ఆ గొట్టం మా ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే!

మాకు వచ్చింది 124 మీటర్లు. పుస్తకాల్లో ఉన్నది సుమారు 128. తేడా ఎందుకని ఆలోచిస్తే అసలు పాఠం అక్కడే తెలిసింది. మేము ఇసుక మీద అల ఆగిన గీత నుంచి మొదలుపెట్టాం. సర్వే వాళ్ళ సున్నా అది కాదు. అల పోటుకు పెరుగుతుంది, పాటుకు తగ్గుతుంది. అందుకే ఏళ్ళ తరబడి కొలిచి సగటు సముద్ర మట్టం తీస్తారు. 1909లో దేశమంతటి ఎత్తులకు ఆధారంగా తీసుకున్న తొమ్మిది రేవుల్లో మన విశాఖ కూడా ఒకటి. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద కనిపించే ఎత్తు వెనుక ఉన్నది ఇలాంటి లెక్కే. పైన ఎక్కడ ఆపామన్నది కూడా ముఖ్యమే. మొదలు, చివర చెప్పకుండా ఎత్తు చెబితే అది సగం మాటే.

మనుషుల విషయంలోనూ అంతే కదా! ఇంట్లో అక్షరం ముక్క తెలిసిన వాళ్ళెవరూ లేని చోట నుంచి ఒకడు డిగ్రీ దాకా వస్తే, లోకం వాడు ఆగిన చోటునే చూస్తుంది. మొదలైన చోటును చూడదు. సానుభూతి కోసం ఈ మాట అనడం లేదు. కొలత సరిగ్గా ఉండాలని అంటున్నాం.

ఇంకో సంగతి. 1852లో ఎవరెస్టు ఎత్తు లెక్క కట్టింది బెంగాల్‌కు చెందిన రాధానాథ్ సిక్దార్. శిఖరానికి నిలిచిన పేరు మాత్రం అంతకు ముందే పదవీ విరమణ చేసిన అధికారిది. లెక్క కట్టిన వాడికే ఇలా ఉంటే, ఎండలో గొలుసు లాగిన కూలీల పేర్లు ఎవరికి కావాలి? మన ఊళ్ళలో భూముల సర్వేకు గొలుసు పట్టిన వాళ్ళలో మన తాతలున్నారు. పట్టుకున్నది గొలుసు, రాసే పుస్తకం మాత్రం వేరొకరి చేతిలో. ఇప్పుడు ఆ పుస్తకం కూడా మన చేతికి రావాలి.

"సెల్ ఫోనులో నొక్కితే ఎత్తు కనిపిస్తుంది, ఇంత కష్టం దేనికి?" అని కొందరు అడగవచ్చు. ఫోను చూపే ఎత్తులో ఎన్నో మీటర్ల తేడా రావచ్చు. అది సరిగ్గానే చూపినా జవాబు మాత్రమే ఇస్తుంది, దారి చెప్పదు. పరీక్షలో మనల్ని అడిగేది దారే!

కాబట్టి వార్డెన్ గారికీ, ట్యూటర్లకూ మా మనవి ఒక్కటే. ఏటా వార్షికోత్సవానికి ముందు ఒక ఆదివారం పదో తరగతి తమ్ముళ్ళను దగ్గర్లోని కొండకో, గుట్టకో తీసుకెళ్ళండి. గొట్టం, టేపు ఖర్చు పాత విద్యార్థులం భరిస్తాం. కొలిచిన వాళ్ళందరి పేర్లూ, కర్ర పట్టుకున్న వాడి పేరుతో సహా, ఈ సంచికలో అచ్చు వేయండి. తమ్ముళ్ళూ! ఎవరో కొలిచిన ఎత్తులను ఇన్నాళ్ళూ బట్టీ పట్టాం. ఇకనైనా మన అంకె మనం రాద్దాం.