తీసుకున్న ట్రాలీ తిరిగివ్వాలి!

దుబాయ్ వెళ్లే అబ్బాయిని సాగనంపడానికి మహేశ్వరం నుంచి ఇంటిల్లిపాదీ శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వస్తారు. సామాన్లకు ట్రాలీ తీసుకుంటారు. పనయ్యాక అందరూ ఎక్కడివక్కడ వదిలేసి, సర్దిపెట్టేవాళ్లు కూడా లేకపోతే? కాసేపటికి కొత్తగా వచ్చినవారికి ఒక్క ట్రాలీ దొరకదు.

వెబ్‌సైట్లకూ ఇదే జబ్బు చేస్తుంది. పేరు 'కనెక్షన్ లీక్'. టికెట్ల వివరాలుండే డేటాబేస్‌తో మాట్లాడాలంటే ప్రోగ్రాముకు ఓ కనెక్షన్ కావాలి. ప్రతిసారీ కొత్తది తెరిస్తే ఆలస్యం. అందుకే కొన్నింటిని సిద్ధంగా ఉంచుతారు. అదే 'పూల్'. వాడుకున్నవి తిరిగివ్వకపోతే పూల్ ఖాళీ అవుతుంది, సైటు బిగుసుకుపోతుంది.

2007లో వచ్చిన 'రిలీజ్ ఇట్!' పుస్తకంలో మైకేల్ నైగార్డ్ ఓ విమాన సంస్థ కథ చెప్పారు, సంస్థ పేరు మాత్రం చెప్పలేదు. కనెక్షన్‌ను మూసే వరుసకు ముందు వరుసలోనే ఎర్రర్ వచ్చింది. మూయడం ఆగిపోయింది. ఒక్కొక్కటిగా కనెక్షన్లన్నీ చిక్కుకుపోయాయి. చెకిన్ యంత్రాలు గంటల తరబడి మూగబోయాయి.

సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే తాత్కాలిక ఉపశమనమే. ఎర్రర్ వచ్చినా కనెక్షన్ వెనక్కి చేరేలా కోడ్ రాయడమే అసలు మందు. జావాలో 2011 నుంచి ఉన్న 'ట్రై-విత్-రిసోర్సెస్' ఆ పని తనంతట తానే చేస్తుంది. పూల్‌లో ఎన్ని మిగిలాయో కూడా కనిపెట్టుకుని ఉండాలి.

ఇంట్లో కోడింగ్ నేర్చుకునే పిల్లలుంటే వాళ్లకు మొదటి పాఠం ఇదే: తెరిచినవాళ్లే మూయాలి!